పెద్ద దేశాలు చేరకపోయినా క్లస్టర్ బాంబుల నిషేధం పనికొస్తుందా?

క్లస్టర్ బాంబు అంటే గాల్లో తెరుచుకుని చిన్న బాంబులను చాలాచోట్ల చల్లే పెద్ద బాంబు. అమెరికా, రష్యా, చైనా సంతకమే పెట్టనప్పుడు వీటిని నిషేధించే ఈ ఒప్పందం ఎందుకు అని అడిగారు. పనికొస్తుందండీ. లావోస్‌లోని షియెంగ్ ఖ్వాంగ్ వైపు రోడ్డు పనుల మీద కొంతకాలం ఉన్నాను, ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

అక్కడ మా సైట్‌లో బాంబుల సర్వే అయ్యి కాగితం చేతికొచ్చేదాకా జేసీబీ కాదు కదా, గడ్డపార కూడా దించనిచ్చేవారు కాదు. నేలను తాళ్లు కట్టి సన్నటి వరసలుగా విడగొడతారు, డిటెక్టర్ పట్టుకుని ఒక్కొక్కరు ఒక్కో వరసలో మెల్లగా నడుస్తారు, కుయ్‌మంటే మోకాళ్ల మీద కూర్చుని పక్కనుంచి కొద్దికొద్దిగా మట్టి తీస్తారు. చాలాసార్లు తుప్పుపట్టిన మేకో రేకుముక్కో వస్తుంది. ఒక్కోసారి మాత్రం టెన్నిస్ బంతంత ఇనుప గుండు. క్లస్టర్ బాంబులోంచి పడి పేలకుండా మిగిలిన చిన్న బాంబు అది, ‘బాంబీ’ అంటారు దాన్ని. ఈ పని చేసేవాళ్లలో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు చాలామందే ఉన్నారు.

1964 నుంచి 1973 దాకా అమెరికా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. అందులో ఈ గుండ్లు దాదాపు 27 కోట్లు, సుమారు 30 శాతం పేలనే లేదని అంచనా. అవన్నీ మట్టిలో ఉండిపోయాయి. యుద్ధమంటే ఏంటో తెలియని పిల్లలు పొలం తవ్వుతూనో, చలికి పెరట్లో మంట వేసుకునో (కింద ఉన్నది ఆ వేడికి పేలుతుంది) కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నారు.

ఒప్పందం 2008లో డబ్లిన్‌లో ఖరారైంది, 2010 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. చేరిన దేశాలు తమ దగ్గరున్న నిల్వలు, అంటే 17 కోట్లకు పైగా చిన్న బాంబులు, ధ్వంసం చేశాయి. అవిక ఏ ఊరి మీదా పడవు, నాకు ఇదొక్కటి చాలు. ఇంకోటి, సంతకం పెట్టని అమెరికాలోనే టెక్స్‌ట్రాన్ అనే కంపెనీ 2016లో వీటి తయారీ ఆపేసింది. ఆర్డర్లు తగ్గడం ఒక కారణమైతే, ఈ ఆయుధాలకు వచ్చిన చెడ్డపేరు ఇంకో కారణం.

ఇప్పుడు పరిస్థితి బాగోలేదు, నిజమే. 2023లో అమెరికా ఉక్రెయిన్‌కి ఇవే పంపింది, రష్యా అయితే మొదటినుంచీ అక్కడ వాడుతూనే ఉంది. 2025 మార్చిలో లిథువేనియా ఒప్పందంలోంచి బయటికి వెళ్లిపోయింది, ఇలా వెళ్లిన మొదటి దేశం అదే. రష్యా పక్కన ఉన్నవాళ్ల భయం నాకు అర్థమవుతుంది, కానీ పేలకుండా మిగిలిపోయేవి రేపు లేచేది వాళ్ల సొంత రైతుల నాగళ్ల కిందే కదా.

మన దేశం కూడా ఇందులో లేదు, మందుపాతరలను నిషేధించిన 1997 ఒప్పందంలోనూ లేదు. సరిహద్దు భద్రత కోసం అంటారు. 2001-02లో ఆపరేషన్ పరాక్రమ్ అప్పుడు, అంటే పాకిస్తాన్ సరిహద్దుకు సైన్యాన్ని తరలించినప్పుడు, రాజస్థాన్, పంజాబ్ సరిహద్దు పొలాల్లో మన సైన్యమే మందుపాతరలు పెట్టింది, యుద్ధం జరగనే లేదు, అయినా వాటివల్ల జవాన్లు పోయారు, రైతులు దెబ్బతిన్నారు, తీసెయ్యడానికి ఏళ్లు పట్టింది. మనం ఎందుకు చేరలేదని కూడా అడగండి, అది మన ఎంపీలను అడగాల్సిన ప్రశ్న.