పెరట్లో వాక్కాయ పెంచబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కోనసీమలో కట్టుకున్న కొత్త ఇంటి పెరట్లో ప్రహరీ పొడవునా వాక్కాయ మొక్కలు వేయాలనుకుంటున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. అయితే కొబ్బరికీ అరటికీ చేసే సేవ దీనికి పనికిరాదు. మెట్టల్లోనూ రాతినేలల్లోనూ తనంతట తానే పెరిగే ఈ పొద ఎండనూ, నీటి ఎద్దడినీ, సారంలేని మట్టినీ, కొంతవరకు చౌడునూ ఓర్చుకుంటుంది కాని, వేళ్ళ దగ్గర నిలిచిన నీటిని మాత్రం ఓర్చుకోలేదు. మనది జిగట ఒండ్రునేల. శ్రావణంలో ముసురు పట్టి కాలువలు నిండుగా పారుతున్నప్పుడు, పల్లపు పెరట్లలో కాస్త తవ్వితేనే ఊట పైకి వస్తుంది. అందుచేత గొయ్యిలో నాటవద్దు. ఇసుకా, బాగా మాగిన పశువుల ఎరువూ కలిపిన మట్టితో మోకాలెత్తు గట్టు పోయించి, రోజంతా ఎండ తగిలే చోట దానిమీద నాటు.

మొక్కలు కడియం నర్సరీలలో దొరుకుతాయి. గింజతోనే పెంచాలనుకుంటే, పండిన కాయ నుంచి తీసిన వెంటనే విత్తాలి. దాచి ఉంచిన గింజకు మొలకశక్తి త్వరగా తగ్గిపోతుంది. గింజ మొక్క సాధారణంగా మూడో ఏట కాపుకు వస్తుంది. కంచె కోసమైతే రెండడుగుల ఎడం చాలు గాని, నా మాట వింటే కాయ కోసం ఆరేడు అడుగులు వదులు. ముళ్ళు చాలా గట్టివి కనుక పిల్లలు తిరిగే దారికి దూరంగా ఉంచు.

కాలువలు కట్టేసే మొదటి వేసవిలో వారానికొకసారి నీరు పెడితే సరిపోతుంది. వేళ్ళు దిగాక అదీ అంతగా అవసరం ఉండదు. తెల్లటి పూలు కొమ్మల చివర్లలో పూస్తాయి కాబట్టి, వేసవికి ముందు కత్తిరిస్తే ఆ ఏటి కాపు పోయినట్టే. వానాకాలపు కోత ముగిసిన వెంటనే కత్తిరించు.

కాయ తుంచగానే బంకపాలు కారతాయి. చేతులకు కాస్త కొబ్బరినూనె రాసుకోమని అమ్మాయికి చెప్పు. పప్పుకూ పులిహోరకూ గులాబిరంగు తిరిగిన పుల్లని కాయలు కోసుకుని, గింజలు తీసి వాడుకోండి. నల్లగా పండినవి ఊరికే తినడానికి బాగుంటాయి.

గట్టు పని జ్యేష్ఠమాసం లోపే ముగించి, ఒకటి రెండు తొలకరి వానలకు మట్టి సర్దుకున్న తరువాతే మొక్కలు తెచ్చుకో.

ఇట్లు,
మీ మావయ్య