‘ఓకే’ పుట్టుక రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

‘ఓకే’ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. శైలి సాఫీగానే ఉంది కానీ, ఆ మాట పుట్టుకకు మూడు కథలు చెప్పి, నిజమేదో తేల్చే పని పాఠకుడికి వదిలేశావు. అమెరికా ఆదివాసులైన చాక్టా తెగవారి భాష అన్నావు, గ్రీకు ‘ఓలా కలా’ (అంతా బాగుంది) అన్నావు, స్పెల్లింగు రాని అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ కాగితాల మీద అలా గిలికేవాడన్నావు. కథ ఎంత ఇంపుగా ఉన్నా, ఆ మాట అచ్చులో తొలిసారి ఎప్పుడు, ఏ సందర్భంలో కనబడిందో చూడనిదే నమ్మకూడదు.

1839 మార్చి 23న ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ పత్రిక ‘ఓ.కె.’ అని వేసి, పక్కనే ‘ఆల్ కరెక్ట్’ అని విప్పి చెప్పింది. ‘ఎ’, ‘సి’ ఉండవలసిన చోట ‘ఓ’, ‘కె’ ఎందుకొచ్చాయంటే, మాటలను కావాలనే తప్పుగా రాసి, వాటి తొలి అక్షరాలతో పొట్టిమాటలు కట్టడం ఆనాటి బోస్టన్ పత్రికలవాళ్ల సరదా. ‘ఆల్ రైట్’ను కూడా అలాగే ‘ఓ.డబ్ల్యు.’ చేశారు. అది పోయి ఇదెందుకు మిగిలిందన్నదే అసలు ప్రశ్న. నువ్వు దాని జోలికే పోలేదు. 1840లో అమెరికా అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ మళ్లీ పోటీకి దిగినప్పుడు, ఆయన పుట్టిన ఊరి పేరు మీద ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనే ముద్దుపేరు పుట్టింది, న్యూయార్క్‌లో అభిమానులు ‘ఓ.కె. క్లబ్బు’ పెట్టారు. నువ్వు చెప్పిన జాక్సన్ కథ కూడా ఆ ఎన్నికల ఎగతాళిలోంచి వచ్చిందే. వాన్ బ్యూరెన్ ఓడినా, ఆ హడావుడిలో మాట మాత్రం జనం నోళ్లలో నానింది. పాత పత్రికలు తిరగేసి ఇదంతా నిరూపించినవాడు భాషా పరిశోధకుడు ఆలెన్ వాకర్ రీడ్. ఆయన వ్యాసాలు 1963, 1964లలో వెలువడ్డాయి.

వాడుక దగ్గర నువ్వు మరీ తొందరపడ్డావు. ‘ఆర్ యూ ఓకే?’ అన్నది క్షేమం అడగడం; సినిమా ‘ఓకే’ అంటే ఫర్వాలేదు తప్ప గొప్పగా లేదని; ఫైలును ఓకే చేశారంటే అనుమతి. ‘ఓకే, లెట్స్ స్టార్ట్’లో సమ్మతీ లేదు, మెప్పూ లేదు, పాత సంగతి ముగిసి కొత్తది మొదలవుతోందన్న సూచన తప్ప. సాగదీసి పలికితే అదే మాట సందేహమవుతుంది. వీటిలో ఒక్కోదానికి సొంతంగా ఒక సంభాషణ రాసి చూడు.

చాక్టా కథను తీసేయమనను. దాన్ని నమ్మిన అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ఆ చాక్టా మాటలాగే ‘ఓకెహ్’ అని రాసేవాడు కాబట్టి, పుట్టుక కిందనుంచి తీసి నమ్మకాల కిందికి మార్చు. తిరగరాసి పంపు, చూస్తాను.