దేశం మారితే టాలీ కూడా మారాలా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారికి పట్నం బజార్లో పాతికేళ్ళుగా కారప్పొడులు, పచ్చళ్ళ వ్యాపారం ఉంది, పెళ్ళికి ముందు ఐదేళ్ళు అక్కడ టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు నేనే రాశాను. మావారి ఉద్యోగం వల్ల రెండేళ్ళ క్రితం ఇంగ్లండ్‌లో లెస్టర్ వచ్చాం. నేను డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. ఇక్కడి కౌన్సిల్‌లో రిజిస్టర్ చేసుకుని, నాన్న పంపే కారం, గోంగూర, చింతకాయ పచ్చళ్ళు జార్లలో నింపి అమ్ముతున్నాను. 2025–26లో అమ్మకాలు 38 వేల పౌండ్ల దాకా వచ్చాయి. గుంటూరులో మా లెక్కలు చూసే బాబాయిగారు 'ఎందుకమ్మా డబ్బు దండగ, నాన్న టాలీలోనే నీ పేరు మీద ఇంకో కంపెనీ తెరుద్దాం, బిల్లులు వాట్సాప్‌లో పెట్టు చాలు' అంటున్నారు. ఇక్కడ ఒకరు క్విక్‌బుక్స్ అంటారు, ఒకరు జెరో అంటారు, జోహో మన చెన్నై వాళ్ళదే కదా అని ఇంకొకరు. నాకు టాలీ తప్ప వేరేది చేతికి రాదు, టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోమంటారు?
— గుంటూరు పాఠకురాలు, లెస్టర్

జవాబు: అమ్మా, టాలీ వదలడం ఎంత కష్టమో నాకు తెలుసు. విజయవాడ గవర్నర్‌పేటలో మా ఆఫీసులో ఎఫ్8 సేల్స్, ఎఫ్5 పేమెంట్, ఎఫ్7 జర్నల్ అని కీబోర్డు చూడకుండానే వేళ్ళు వెళ్ళిపోతాయి, మౌస్ పట్టుకుని మెనూలో వెతుక్కోమంటే ప్రాణం విసుగెత్తిపోతుంది. అయినా సరే, లెస్టర్ వ్యాపారానికి టాలీ వద్దు. రిటర్న్ ఏ దేశంలో వేయాలి అన్నది ముందు చూడాలి, చేతికి అలవాటా కాదా అన్నది ఆ తర్వాత.

బ్రిటన్‌లో 'మేకింగ్ ట్యాక్స్ డిజిటల్' అని, లెక్కలు సాఫ్ట్‌వేర్‌లోనే రాసి పంపే ఒక పద్ధతి పెట్టారు. వ్యాట్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళందరికీ 2022 ఏప్రిల్ నుంచే ఉంది. ఇప్పుడు సొంత వ్యాపారాల ఆదాయపు పన్నుకి కూడా వచ్చింది: 50 వేల పౌండ్లు దాటినవాళ్ళకి 2026 ఏప్రిల్ 6 నుంచి, 30 వేలు దాటినవాళ్ళకి 2027 ఏప్రిల్ 6 నుంచి, 20 వేలు దాటినవాళ్ళకి 2028 ఏప్రిల్ నుంచి. ఇది లాభం లెక్క అనుకుంటారు చాలామంది, కాదమ్మా, ఖర్చులు తీయకముందు వచ్చిన మొత్తం. అంటే మీ 38 వేలతో మీరు 2027 ఏప్రిల్‌లో అందులోకి వస్తారు. అప్పట్నుంచి మూడు నెలలకోసారి ఆదాయం, ఖర్చుల వివరం మీ సాఫ్ట్‌వేర్ నుంచే నేరుగా అక్కడి పన్ను శాఖ హెచ్ఎంఆర్‌సీకి వెళ్ళాలి. టాలీ మన జీఎస్టీకి తగ్గట్టు తయారైంది, అక్కడికి అలా పంపాలంటే లెక్కలు ఎక్సెల్‌లోకి దింపుకుని మధ్యలో బ్రిడ్జింగ్ సాఫ్ట్‌వేర్ అని ఇంకోటి కొనుక్కోవాలి. బాబాయిగారు మిగులుతుందనుకున్న డబ్బు అక్కడే పోతుంది.

ఇంకో మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. నాన్నగారి వ్యాపారం, మీ వ్యాపారం రెండూ ఒక ఇంటివే అయినా రెండు వేర్వేరు వ్యాపారాలు. నాన్న పంపిన కారం ఇంటి సామాను కాదు, ఆయన వైపు ఎగుమతి, మీ వైపు దిగుమతి. ఆయనకి ఐఈసీ అనే ఎగుమతి, దిగుమతుల నంబరు ఉండాలి, జీఎస్టీ కట్టకుండా పంపాలంటే ప్రతి ఆర్థిక సంవత్సరానికి ఎల్‌యూటీ అనే హామీ పత్రం వేయాలి, బయటివాళ్ళకి వేసే రేటుకే మీకూ బిల్లు వేయాలి. 'కూతురికే కదా' అని రేటు లేకుండా పంపడం, మీరేమో సంక్రాంతికి ఇంటికి పంపే డబ్బులోనే సరుకు డబ్బు కూడా కలిపి పంపడం, ఇలా చేస్తే రెండేళ్ళ తర్వాత ఏది సరుకు బాకీయో ఏది కానుకో మీ ఇద్దరూ కూర్చున్నా తేల్చలేరు. గుంటూరు లెక్కలు టాలీలోనే ఉండనివ్వండి, బాబాయిగారు హాయిగా చూసుకుంటారు. మీవి మీరు అక్కడ రాసుకోండి.

ఇక్కడే ఒక చిన్న ఉపాయం. నాన్నగారిని మీకు బిల్లు పౌండ్లలో వేయమనండి. రూపాయల్లో వేస్తే, బిల్లు రోజున పౌండు 110 రూపాయలు ఉండి, మీరు కట్టే రోజుకి 115 అయిందనుకోండి, 2,20,000 రూపాయల బిల్లు మీ పుస్తకంలో మొదట 2,000 పౌండ్లు, కట్టేటప్పుడు 1,913 పౌండ్లు అవుతుంది. ఆ 87 పౌండ్ల తేడా రాయడానికి మల్టీకరెన్సీ, అంటే వేరే దేశం డబ్బులో కూడా లెక్క రాసే సదుపాయం, కావాలి, అది జెరోలోనూ క్విక్‌బుక్స్‌లోనూ అన్నిటికన్నా చౌక ప్లాన్‌లో రాదు. బిల్లు పౌండ్లలో ఉంటే మారకం తేడా మొత్తం గుంటూరు వైపు పడుతుంది, టాలీలో ఆ సదుపాయం ఎటూ ఉంది, మీకు చిన్న ప్లాన్ సరిపోతుంది.

ఇక ఏది కొనాలి అన్నది. ముందు మీ బిజినెస్ అకౌంట్ ఏ బ్యాంకులో ఉందో చూడండి. నాట్‌వెస్ట్, రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ వాళ్ళ బిజినెస్ ఖాతా ఉన్నవాళ్ళకి ఫ్రీఏజెంట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది, ఖాతా వాడుతున్నంత కాలం. మీలా ఒక్కరే నడిపే వ్యాపారానికి అది చాలు, నేనైతే మొదట అదే తెరుస్తాను. ఆ బ్యాంకు కాకపోతే జోహో బుక్స్ బ్రిటన్ ఎడిషన్ చూడండి, చిన్న వ్యాపారాలకి ఉచిత ప్లాన్ ఉంది, మీ అమ్మకాలు దాని పరిమితిలోకి వస్తాయో లేదో చూసుకోండి. అక్కడి అకౌంటెంట్ చేత రిటర్న్ వేయించుకునే ఉద్దేశం ఉంటే మాత్రం, సాఫ్ట్‌వేర్ కొనకముందే ఆయన్ని పెట్టుకుని 'మీరు దేంట్లో చేస్తారు' అని అడగండి, జెరో అంటే జెరో, క్విక్‌బుక్స్ అంటే క్విక్‌బుక్స్, వాదించకండి. రోజూ దాంట్లో పనిచేసే మనిషి మీ తప్పు పది నిమిషాల్లో పట్టుకుంటాడు, ఆయనకి తెలియని దాంట్లో ఇస్తే గంటల లెక్కన ఫీజు వేస్తాడు. జోహో మనదే అన్న అభిమానం మంచిదే, కానీ పేరు ఏదైనా హెచ్ఎంఆర్‌సీ జాబితాలో ఉందో లేదో బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూశాకే డబ్బు కట్టండి.

ఖాతా తెరిచేటప్పుడు దేశం అడుగుతుంది. అక్కడ తప్పు పడితే ఎంత బాధో నేను స్వయంగా చూశాను. మా చెల్లెలి కొడుకు బ్రిటన్‌లో చిన్న షాపు పెట్టినప్పుడు, సాయం చేద్దామని నేనే విజయవాడలో కూర్చుని ఒక ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లో ఖాతా తెరిచాను, దేశం దగ్గర ఇండియా అని ఉంటే గమనించలేదు. ఏడు నెలలు రాశాడు పిల్లవాడు. వ్యాట్ రిటర్న్ వేద్దామని చూస్తే ఆ పేజీయే లేదు, అన్నిచోట్లా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. దేశం మార్చే దారి లేదు, కొత్త ఖాతా తెరవాల్సిందే అన్నారు. వరసగా రెండు రాత్రులు వీడియో కాల్‌లో వాడు బిల్లులు ఒక్కొక్కటీ చదువుతుంటే నేను మళ్ళీ ఎక్కించాను. జోహోలో అయినా క్విక్‌బుక్స్‌లో అయినా ఇంతే, దేశం ఒకసారి పెడితే పెట్టినట్టే. కాబట్టి ఖాతా మీరే, లెస్టర్‌లోనే, మీ పేరుతో తెరవండి. బాబాయిగారికి చూసుకోవడానికి లాగిన్ ఇవ్వండి, ఆయన ఈమెయిల్‌తో మాత్రం తెరిపించకండి.

మీ సరుకు గురించి రెండు విషయాలు. అక్కడ తిండి సరుకులు చాలావరకు సున్నా రేటు వ్యాట్, కానీ బంగాళాదుంప చిప్స్, వేయించి ఉప్పేసిన పల్లీలు లాంటివాటికి 20 శాతం. రేపు మీరు పచ్చళ్ళ పక్కన ఉప్పు పల్లీలు పెడితే ఐటం వారీగా రేటు పెట్టుకునే వీలు ఉండాలి. వ్యాట్ రిజిస్ట్రేషన్ పరిమితి 90 వేల పౌండ్లు, ఏ పన్నెండు నెలలు కలిపినా. సున్నా రేటు అమ్మకాలు కూడా ఆ 90 వేలలోకి వస్తాయి, 'మాకు వ్యాట్ లేదు కదా' అని చాలామంది అవి కలపరు. రెండోది, జార్ల బ్యాచ్ నంబర్లు. సరుకు ఎవరి దగ్గర కొన్నారో, ఏ షాపులకి అమ్మారో రాసి ఉంచాలి, తిండి వ్యాపారానికి అది అక్కడి చట్టం; ఏ జాడీ పచ్చడి ఏ జార్లలోకి వెళ్ళిందో కూడా తెలిస్తే మంచిది. చవక ప్లాన్లలో బ్యాచ్ లెక్క ఉండదు, టాలీలో ఆ సుఖం ఉండేది. అంతమాత్రానికి పెద్ద ప్లాన్ కొనకండి, ఒక ఎక్సెల్ షీట్‌లో తేదీ, బ్యాచ్, జార్లు, కొన్నవాళ్ళు రాసుకోండి.

కార్డు మీద అమ్మినవి రాసేటప్పుడు జాగ్రత్త. 100 పౌండ్లకి అమ్మితే కార్డు మెషీన్ వాడు ఫీజు పట్టుకుని 98 చిల్లర బ్యాంకులో వేస్తాడు. బ్యాంకు లావాదేవీలు సాఫ్ట్‌వేర్‌లోకి వాటంతటవే వచ్చే బ్యాంక్ ఫీడ్‌లో ఆ 98 కనిపిస్తుంది, సాఫ్ట్‌వేర్ 'ఇది అమ్మకమా' అని అడుగుతుంది, మనం అవునని నొక్కేస్తాం. కాదు, అమ్మకం 100, ఫీజు ఖర్చు కింద. ఏడాదికి అది వందల పౌండ్లు అవుతుంది, 90 వేల లెక్క కూడా తప్పిపోతుంది.

పాత లెక్కలన్నీ ఎక్కించక్కర్లేదు. ఏప్రిల్ 6 నాటికి బ్యాంకులో ఎంత, సరుకు ఎంత, నాన్నగారికి ఎంత బాకీ, ఎవరు మీకు ఇవ్వాలి, ఇవి ఓపెనింగ్ బ్యాలెన్స్‌గా పెట్టి మొదలెట్టండి, పాత బిల్లులు ఫైల్‌లో దాచండి. కొనేముందు ఉచిత ట్రయల్‌లో ఒక నెల బిల్లులు పూర్తిగా ఎక్కించి చూడండి, ముఖ్యంగా ఒక కస్టమర్ జారు తిరిగిచ్చేస్తే ఎలా రాయాలో, మొత్తం డేటా ఎక్సెల్‌లోకి దించుకోవడం వస్తుందో లేదో. రెండోది రాకపోతే అది ఎంత చవకైనా వద్దు.

ప్రశ్న: అన్నా, మాది విజయవాడ ఆటోనగర్, లారీ స్పేర్ పార్ట్స్. తమ్ముణ్ణి ఆటోనగర్ షాపులో పెట్టి నేను దుబాయ్‌లో ఎల్ఎల్‌సీ తెరిచాను. ఇక్కడ కూడా టాలీ వాడొచ్చా? మా పాత కంపెనీ డేటాని కాపీ చేసి పేరు మార్చుకుంటే పని అయిపోతుందా?
— ఆటోనగర్ పాఠకుడు, దుబాయ్

జవాబు: వాడొచ్చు తమ్ముడూ, నిశ్చింతగా వాడు. పై అమ్మాయికి వద్దన్నాను, నీకు వాడమంటున్నాను, దేశాన్ని బట్టే ఈ తేడా. యూఏఈ వ్యాట్‌కి టాలీలో ఏర్పాటు ఉంది, అక్కడ టాలీ తెలిసిన అకౌంటెంట్లకీ కొదవ లేదు.

కాపీ మాత్రం చేయకు. జీఎస్టీ లెడ్జర్లు, సరుకుల హెచ్ఎస్ఎన్ కోడ్ సెట్టింగులు, ఆటోనగర్ పార్టీల బాకీలు అన్నీ వెంట వస్తాయి, ఏడాది చివర్లో ఏది ఎక్కడిదో తెలీక జుట్టు పీక్కుంటావు. కొత్త కంపెనీ క్రియేట్ చేసి దేశం యూఏఈ, కరెన్సీ దిర్హమ్ పెట్టు, పాతదాంట్లోంచి పార్టుల జాబితా ఒక్కటి తెచ్చుకో, అదొక్కటీ మళ్ళీ టైప్ చేయాలంటే నిజంగానే కష్టం.

అక్కడ 3,75,000 దిర్హమ్‌లు అనే అంకె రెండుచోట్ల వస్తుంది, కలిపేసుకోకు. అమ్మకాలు అంత దాటితే వ్యాట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, వ్యాట్ 5 శాతం, 2018 జనవరి 1 నుంచి ఉంది. లాభం అంత దాటితే పైదానికి 9 శాతం కార్పొరేట్ ట్యాక్స్, అది 2023 జూన్ 1న లేదా ఆ తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాల నుంచి. ఆదాయం 30 లక్షల దిర్హమ్‌ల లోపు ఉన్న చిన్న వ్యాపారాలకి 2026 డిసెంబర్ 31 లోపు ముగిసే ట్యాక్స్ పీరియడ్‌ల వరకు మినహాయింపు ఉంది, కానీ అడగందే రాదు, రిటర్న్‌లో నువ్వే ఎంచుకోవాలి. పన్ను లేదు కాబట్టి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదని ఎవరైనా చెప్తే నమ్మకు. లెక్కలు ఏడేళ్ళు దాచు, ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని కూర్చోకు, వారానికోసారి బ్యాకప్ బయట పెట్టు.

ప్రశ్న: సార్, మాది మొగల్రాజపురం. డల్లాస్‌లో ఇంట్లోనే పద్నాలుగు మంది పిల్లలకి కూచిపూడి నేర్పుతున్నాను. నెలనెలా డబ్బు కట్టి సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా?
— విజయవాడ పాఠకురాలు, డల్లాస్

జవాబు: అక్కర్లేదమ్మా. పద్నాలుగు మంది ఫీజులకి ఎక్సెల్ చాలు, అమెరికాలో ఫలానా సాఫ్ట్‌వేర్‌లోనే రాయాలన్న నియమం లేదు. మీరు హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉంటే ఈఏడీ, అంటే పని చేసే అనుమతి, ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి, లెక్కల కన్నా అది ముందు. సాఫ్ట్‌వేర్‌కి పెట్టే డబ్బు బదులు క్లాసులకి ఒక బ్యాంకు అకౌంట్ విడిగా తెరవండి, ఫీజులు అందులోకే రావాలి, కూరగాయలు అందులోంచి కొనకూడదు. ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు మిగిలినా సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ ఉంటుంది, 15.3 శాతం, దానికి మామూలు ఆదాయపు పన్ను అదనం. కట్టాల్సింది పెద్దదైతే ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, జనవరి 15న విడతలుగా కట్టాలి.

పిల్లలకి గజ్జెలు, నగల సెట్లు విజయవాడ నుంచి తెప్పించి తల్లిదండ్రుల దగ్గర ఆ డబ్బు తీసుకుంటుంటారు కదా, అది మీ ఫీజులో కలపకండి. షీట్‌లో దానికి వేరే కాలమ్ పెట్టి, కొన్న బిల్లు ఫొటో పక్కనే ఉంచండి.