గుడి చుట్టూ కెమెరా ఎటు తిరగాలి?

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం. గోవిందరాజస్వామి గుడిని ఏడంతస్తుల గోపురంతో సహా బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేశాను. నడుమ ఒక ఎంప్టీ (వీడియోలో కనిపించని గుర్తు) పెట్టి, అది తిరిగితే కెమెరా కూడా తిరిగేలా దానికి పేరెంట్ చేసి, చుట్టూ ఒక్కసారి తిరగాలని పైథాన్‌లో స్క్రిప్ట్ రాశాను. 1వ ఫ్రేమ్‌లో 0, 250వ ఫ్రేమ్‌లో 360 ఇస్తే గిరగిరా తిరిగిపోతోంది. స్క్రిప్ట్ వదిలేసి చేత్తో 360 డిగ్రీలు పెడితే ఒక్క చుట్టే వస్తోంది గానీ, మొదట్లో, చివర్లో నెమ్మదిస్తోంది. మా అవ్వ చూసి "ఇదేంది పాపా, గుడికి ఎడంగా తిరగతా ఉండాది?" అనింది. ఎలా సరిచేయాలి?

జవాబు: అవ్వ మాటే ముందు చూద్దామమ్మా. ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది అదే.

బ్లెండర్‌లో నిలువుగా ఉండే జెడ్ అక్షం మీద ప్లస్ కోణం ఇస్తే, పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. ఎక్స్ వైపు తూర్పు, వై వైపు ఉత్తరం అనుకుంటే, నీ కెమెరా తూర్పు నుంచి ఉత్తరానికి పోతోంది. ప్రదక్షిణం చేసేవాళ్లు తూర్పు నుంచి దక్షిణానికి మళ్లుతారు, గుడి కుడిచేతి వైపు ఉంటుంది. కోణం ముందు మైనస్ పెట్టు. గుళ్లో రోజూ నడిచే జనానికి ఈ తేడా కంటికి వెంటనే తగులుతుంది.

ఇక గిరగిరా తిరగడం. చేత్తో పెట్టే గడిలో డిగ్రీలు కనిపిస్తాయి, పైథాన్ మాత్రం కోణానికి ఇంకో కొలత అయిన రేడియన్లే తీసుకుంటుంది. ఒక చుట్టు అంటే 2π రేడియన్లు, దాదాపు 6.2832. నువ్విచ్చిన 360 రేడియన్లు 57 చుట్ల పైమాటే. మ్యాథ్ మాడ్యూల్‌లోని రేడియన్స్ ఫంక్షన్‌లో మైనస్ 360 వేసి, వచ్చిన విలువను ఇవ్వు.

నెమ్మదించడానికి కారణం బెజియర్, అంటే మెల్లగా మొదలై మెల్లగా ఆగే వంపు. కీల (ఫలానా ఫ్రేమ్‌లో ఫలానా కోణం అని నువ్వు పెట్టిన గుర్తుల) మధ్య బ్లెండర్ మామూలుగా పెట్టేది అదే. గ్రాఫ్ ఎడిటర్‌లో రెండు కీలనూ ఎంచుకుని టీ నొక్కి, ఒకే వేగంతో సాగే లీనియర్ చెయ్యి. రెండో కీని 251వ ఫ్రేమ్‌కు జరిపి, రెండరింగ్ 250 దగ్గర ఆపు. కీ 250లోనే ఉంటే మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ ఒకటే బొమ్మ అవుతాయి, వీడియో మళ్లీ మొదలయ్యేచోట ఒక్క క్షణం పట్టేసినట్టుంటుంది.

స్క్రిప్ట్‌లో పేరెంట్ చేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. ఎంప్టీ సున్నా బిందువులో లేకపోతే కెమెరా ఎగిరి వేరేచోట పడుతుంది, ఎందుకంటే కెమెరా స్థానాన్ని బ్లెండర్ అప్పుడు ఎంప్టీ నుంచి కొలుస్తుంది. నేను దీనితో ఒక సాయంత్రమంతా టెన్షన్ పడ్డాను. కెమెరా లొకేషన్‌ను పేరెంట్ చేశాక ఇవ్వడమే తేలిక.

చివరగా, చూపు కోసం ఇంకో ఎంప్టీని గోపురం నాలుగో అంతస్తు ఎత్తులో పెట్టి, కెమెరా ఎప్పుడూ దానివైపే చూసేలా ట్రాక్ టు ఇవ్వు: ట్రాక్ అక్షం మైనస్ జెడ్, అప్ అక్షం వై. కెమెరాను మాత్రం నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తులోనే ఉంచు. అవ్వ గుడి చుట్టూ నడిచేటప్పుడు తలెత్తి చూసే గోపురం అప్పుడు కనిపిస్తుంది.