ఢిల్లీకి పంపండి, కానీ తెనాలి కోర్టు చూశాక

ప్రశ్న: మాది తెనాలి. నేను డాక్యుమెంట్ రైటర్‌ని. మా అమ్మాయి విశాఖలో ఒక ప్రైవేటు కాలేజీలో ఐదేళ్ళ బీఏ ఎల్ఎల్‌బీ రెండో సంవత్సరం చదువుతోంది. ఈమధ్య ఒక సంస్థ వాళ్ళు కాలేజీకి వచ్చి ‘ఢిల్లీ సెమిస్టర్’ గురించి చెప్పారట. ఐదు నెలలు ఢిల్లీలో ఉంచి వారానికి రెండు రోజులు క్లాసులు చెబుతారు, మిగతా రోజులు సుప్రీంకోర్టు లాయర్ల దగ్గర ఇంటర్న్‌షిప్ చేయిస్తారు. హాస్టల్‌తో కలిపి 1,60,000 రూపాయలు. మాకు చెప్పకుండానే అయిదు వేలు అడ్వాన్సు కట్టేసింది. ఢిల్లీ పేరు లేకపోతే రేపు ఎవరూ పిలవరంటుంది. అప్పు తెచ్చి పంపమంటారా? ఆడపిల్ల, కొత్త ఊరు, హిందీ అంతంతమాత్రం. వాళ్ళమ్మ అసలే ఒప్పుకోవడం లేదు.

జవాబు: అయ్యా, అప్పు చేయకండి. ఢిల్లీకి పంపండి, కానీ ఇప్పుడు కాదు, ఈ పద్ధతిలో కాదు. అడ్వాన్సు పోతే పోయిందనుకోండి, మిగతా లక్షా యాభై అయిదు వేలు మిగిలినట్టే.

ముందు నిబంధనల సంగతి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 లీగల్ ఎడ్యుకేషన్ నిబంధనల ప్రకారం ఐదేళ్ళ కోర్సు చదివేవాళ్ళు మొత్తం మీద కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. మూడేళ్ళ కోర్సు వాళ్ళకైతే 12 వారాలు. ఇదే నిబంధనలో ఇంకో మాట ఉంది, దాన్ని అమ్మకందార్లు ఎవరూ చెప్పరు. ఏ సంవత్సరంలోనైనా ఏకధాటిగా నాలుగు వారాలకు మించి ఇంటర్న్‌షిప్ చేయకూడదు. నాలుగు వారాల చొప్పున ఐదేళ్ళు చేస్తే ఇరవై. ఆ లెక్క అలా కుదిర్చారు. మరి ఐదు నెలలు ఏకబిగిన చేసిన దాన్ని మీ యూనివర్సిటీ ఎలా లెక్కేస్తుంది? పైగా అన్ని రోజులు విశాఖలో క్లాసులకు వెళ్ళకపోతే అటెండెన్సు మాటేమిటి? నిబంధనల్లో ఉన్నది ప్రతి సబ్జెక్టుకూ 70 శాతం. ‘మేం మేనేజ్ చేస్తాం’ అని ఆ సంస్థ మనిషి అంటే నవ్వి ఊరుకోండి. పరీక్ష రాయనిచ్చేది ఆయన కాదు. ‘ఈ సెమిస్టర్‌ను క్రెడిట్లతో సహా గుర్తిస్తాం’ అని మీ ప్రిన్సిపాల్ కాగితం మీద రాసిస్తేనే దాని గురించి ఆలోచించాలి. రాసివ్వరనే నా అనుమానం.

ఇంకో సంగతి. ఇంటర్న్‌షిప్‌కి డబ్బు కట్టడం అంటే నాకు మొదటినుంచీ పడదు. చాలా మంది లాయర్లు ఇంటర్న్‌లకు పైసా ఇవ్వరు, అది వేరే గొడవ. ఇవ్వకపోతే పోయె, ఎదురు కట్టడమేమిటి?

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. రెండో ఏడు చదివే పిల్ల సుప్రీంకోర్టుకు వెళ్తే ఏం చూస్తుంది? సోమ, శుక్రవారాల్లో కొత్తగా వేసిన కేసులు వస్తాయి. ఒక్కో బెంచీ ముందు డజన్ల కొద్దీ ఉంటాయి. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు. సీనియర్ లాయరు లేచి రెండు ముక్కలు చెబుతాడు, జడ్జి గారు ముందే చదువుకొచ్చి ఉంటారు కనక ఒక ప్రశ్న వేస్తారు, ‘డిస్మిస్డ్’ అంటారు, అయిపోయింది. ఆ రెండు నిమిషాల వెనక పదిహేనేళ్ళ కథ ఉంటుంది. కింది కోర్టులో వేసిన దావా, సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్, అప్పీలు, హైకోర్టులో సెకండ్ అప్పీలు, ఆ తీర్పు వచ్చిన 90 రోజుల్లోగా, అప్పీలుకు సుప్రీంకోర్టు అనుమతి అడుగుతూ వేసిన స్పెషల్ లీవ్ పిటిషన్. ఈ దారంతా తెలియని పిల్లకు ఆ రెండు నిమిషాలూ నాటకంలో ఆఖరి సీను మాత్రం చూసినట్టుంటుంది. హాలు బయటికొచ్చి ఫోటో దిగుతుంది, అంతే.

నా దగ్గరికి సలహాకి వచ్చే ఒక కుర్రాడు రెండో ఏడులోనే జూన్ నెలలో ఢిల్లీ వెళ్ళొచ్చాడు. ఏం చేశావురా అంటే ‘స్కానింగ్ సార్’ అన్నాడు. నాకు ఒక్క క్షణం ఆస్పత్రి స్కానింగ్ గుర్తొచ్చింది. నెల రోజులు పాత ఫైళ్ళు స్కాన్ చేశాడట. తప్పు ఆ ఆఫీసుది మాత్రమే కాదు, జూన్‌ది కూడా. సుప్రీంకోర్టుకు మే నెల ఆఖరు నుంచి జూలై మధ్య దాకా వేసవి విరామం. 2024 నుంచి దాన్ని సెలవులనకుండా ‘పాక్షిక పనిదినాలు’ అంటున్నారు గానీ, ఆ రోజుల్లో కొద్ది బెంచీలే కూర్చుంటాయి. ఢిల్లీ హైకోర్టుకూ జూన్‌లో సెలవులే. మన పిల్లలకు కాలేజీ సెలవులు సరిగ్గా అప్పుడే కదా, అందరూ అప్పుడే రైలెక్కుతారు. ఎండకు ఎండి, కోర్టు చూడకుండా తిరిగొస్తారు.

కాబట్టి నేను చెప్పే వరుస ఇది. ఈ జూన్‌లో తెనాలిలోనే మీకు తెలిసిన సివిల్ లాయరు దగ్గర నాలుగు వారాలు కూర్చోబెట్టండి. మేలో సివిల్ కోర్టులకు సెలవులు కాబట్టి జూన్ అన్నాను. ట్రయల్ లాయరు దగ్గర, అప్పీళ్ళు చేసే లాయరు దగ్గర ఒక్కసారైనా పనిచేసి తీరాలని ఆ నిబంధనలే చెబుతున్నాయి కాబట్టి ఇది వృథా పోయే నెల కాదు. వాయిదా ఎందుకు పడుతుంది, వకాల్తా ఎలా వేస్తారు, బెంచి క్లర్కు ఎవరు, గుమాస్తా గారు చేసే పనేమిటి, చీఫ్ అఫిడవిట్, అంటే సాక్షి రాతపూర్వక వాంగ్మూలం, వేశాక క్రాస్‌లో ఆ సాక్షి ఎక్కడ తడబడతాడు, ఇవన్నీ అక్కడే కనిపిస్తాయి. మూడో ఏడులో నేలపాడులోని హైకోర్టులో ఒక నెల. మీ ఊరినుంచి వెళ్ళిరాగలిగిన దూరమే. నాలుగో ఏడులో ఢిల్లీ. అదీ కోర్టు పూర్తిగా నడిచే రోజుల్లో. జూలై మూడో వారం తర్వాతో, జనవరిలోనో ఆమె కాలేజీ క్యాలెండర్‌లో ఎక్కడ నాలుగు వారాలు దొరుకుతాయో చూసుకోవాలి. దసరాకీ దీపావళికీ అక్కడ కోర్టుకు సెలవులుంటాయి, డిసెంబరు ఆఖర్నా అంతే. అవి తప్పించాలి. సుప్రీంకోర్టు క్యాలెండర్ వెబ్‌సైట్లోనే ఉంటుంది.

నాలుగో ఏడు వరకూ సుప్రీంకోర్టు మొహం చూడొద్దా అంటే, చూడొచ్చు, ఇంట్లోనే. 2022 సెప్టెంబరు నుంచి రాజ్యాంగ ధర్మాసనం విచారణలు లైవ్ వస్తున్నాయి. వాటిని క్రికెట్‌లా కాకుండా, ముందు రోజు ఆ కేసేమిటో చదువుకుని చూడమనండి.

ఇక మీరు అడగనిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది. మీరు డాక్యుమెంట్ రైటర్. మీ అమ్మాయికి ఆ సంస్థ ఇవ్వలేనిది మీ ఇంట్లోనే ఉంది.

లాయర్లలో సుప్రీంకోర్టులో కేసు వేయగలిగేది అడ్వకేట్ ఆన్ రికార్డ్ మాత్రమే. ఏఓఆర్ అంటారు. ప్రత్యేకంగా పరీక్ష రాసి పాసవ్వాలి. వాళ్ళ ఆఫీసు కోర్టు నుంచి 16 కిలోమీటర్ల లోపు ఉండాలని నిబంధన, అందుకే జంగ్‌పురా, నిజాముద్దీన్, లాజ్‌పత్ నగర్ వైపు సందుసందునా లాయర్ల బోర్డులు. ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ వెళ్ళే కేసులు చూసే ఏఓఆర్‌ల దగ్గర ఎప్పుడూ ఉండే తలనొప్పి ఒకటుంది. కింది కోర్టు కాగితాలు తెలుగులో ఉంటాయి. దస్తావేజులు, సాక్షుల వాంగ్మూలాలు, పోలీసు ఫిర్యాదు, అడంగల్, పహాణీ. సుప్రీంకోర్టులో వ్యవహారమంతా ఇంగ్లీషులోనే కాబట్టి అవన్నీ ఇంగ్లీషులోకి రావాలి. నగరాల్లో ఇంగ్లీషు మీడియంలో పెరిగిన ఇంటర్న్‌కి ఆస్తి రాసిచ్చే ‘దఖలు దస్తావేజు’ ఏమిటో, ఆస్తి పంచుకునే ‘భాగపరిష్కారం’ ఏమిటో తెలియదు. ‘పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం ముప్ఫై సెంట్లు’ అన్నదాన్ని పసుపునీ కుంకుమనీ పదార్థాలుగా అనువదించేస్తే, పెళ్ళిలో తండ్రి కూతురికి రాసిచ్చిన భూమి అనే అసలు సంగతే గల్లంతు. స్వార్జితానికీ పిత్రార్జితానికీ తేడా పోయిందంటే కేసే పోయినట్టు. 1960ల నాటి గొలుసుకట్టు రాత చదవగలిగే ఇరవై రెండేళ్ళ పిల్ల దొరికితే ఏ ఏఓఆర్ అయినా కుర్చీ వేసి కూర్చోబెడతారు.

అందుకని వచ్చే రెండేళ్ళూ సెలవులకు ఇంటికొచ్చినప్పుడు మీ బీరువాలోని పాత నకళ్ళు తీసి పక్కన కూర్చోబెట్టుకోండి. వారానికి ఒక దస్తావేజు చదివి, ఇంగ్లీషులో రాయాలి. హద్దుల పేరా దగ్గర తప్పకుండా తడబడుతుంది. తడబడనివ్వండి, తర్వాత మీరు చెప్పండి. జనాల కాగితాలు కాబట్టి పేర్లు ఇల్లు దాటి పోకూడదని మీకు నేను చెప్పనక్కర్లేదు.

అమ్మాయీ, ఈ పేరా నీకు. నాన్నగారికి చెప్పకుండా అడ్వాన్సు కట్టడం గురించి ఆయనే మాట్లాడతారు, నేను మాట్లాడను. ఢిల్లీ ఆఫీసులో నీకు అప్పగించే పని చాలావరకు తేదీల పట్టిక, అంటే లిస్ట్ ఆఫ్ డేట్స్. ఏ రోజు ఏం జరిగిందో వరుసగా రాయడం. చిన్న పనిలా ఉంటుంది. జడ్జి గారు ముందుగా చదివేది చాలాసార్లు అదే. రిజిస్ట్రీ, అంటే కోర్టు ఆఫీసు వాళ్ళు ‘డిఫెక్ట్స్’ అని ఒక తప్పుల చిట్టా పంపుతారు. పేజీ నంబరు తప్పింది, జతచేసిన కాగితం (అనెక్సర్) మసగ్గా ఉంది, అనువాదం జతచేయలేదు, ఇలాంటివి. అవి సరిచేస్తూ కూర్చుంటే ఒక కేసు ఫైలు ఎలా కట్టుబడుతుందో చేతికి తెలుస్తుంది. మర్నాడు ఏ కేసు వస్తుందో దాని పేపర్ బుక్, అంటే కేసు కాగితాల కట్ట, ముందు రాత్రే చదువు. చదవకుండా హాల్లోకి వెళ్ళకు. తెల్ల చొక్కా, నల్ల కోటు, నల్ల టై. గౌను, బ్యాండ్ ఎన్‌రోల్ అయిన లాయర్లవి, వాటి జోలికి పోకు. లోపలికి పాస్ కావాలి. దానికి సుస్వాగతం అనే ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, మీ ఆఫీసు వాళ్ళు దారి చూపిస్తారు. రద్దీ ఎక్కువగా ఉండే సోమ, శుక్రవారాల్లో ఇంటర్న్‌లను హాళ్ళలోకి పోనివ్వకపోవచ్చు. అలాంటి రోజు ఊరికే కూర్చోక పటియాలా హౌస్ కోర్టుకో కోపర్నికస్ మార్గ్‌లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కో వెళ్ళి చూడు. అక్కడివీ కోర్టులే.

అమ్మ గారి భయం గురించి. అది ఉత్త భయం కాదు, కొట్టిపారేయను. లాయరు ఆఫీసుల్లో రాత్రి తొమ్మిదింటి దాకా పని నడవడం మామూలే. మొదటి రోజే ‘ఏడున్నరకు బయల్దేరతాను సార్’ అని చెప్పడంలో తప్పులేదు. వీలైతే ఆడవాళ్ళు పనిచేస్తున్న ఆఫీసునే ఎంచుకోండి, వెళ్ళేముందు అక్కడ పనిచేసిన ఒక ఇంటర్న్‌తో ఫోన్లో మాట్లాడించండి. ఇబ్బంది ఎదురైతే పని ప్రదేశంలో వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ట్రైనీలకూ వర్తిస్తుంది. లా చదివే పిల్ల కాబట్టి ఆ చట్టం ఒకసారి చదివే రైలెక్కాలి. బస జంగ్‌పురా, భోగల్, లాజ్‌పత్ నగర్ చుట్టుపక్కల ఆడపిల్లల పీజీల్లో చూసుకుంటే మేలు. జంగ్‌పురా నుంచి వయొలెట్ లైన్‌లో మండీ హౌస్ వచ్చి, బ్లూ లైన్‌కి మారితే తర్వాతి స్టేషనే సుప్రీంకోర్టు. పూర్వం దాన్ని ప్రగతి మైదాన్ అనేవాళ్ళు. సుప్రీంకోర్టులో హిందీ అవసరం లేదు, ఆటోవాడితో కావాలి. నెలలో వచ్చేస్తుంది. ఇంటి మీద బెంగ పుడితే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉండనే ఉంది. పప్పు, గోంగూర పచ్చడితో భోజనం చేసి ఫోన్ చేస్తుంది, మీరు కంగారుపడకండి.

ఖర్చు నా లెక్కన విజయవాడ నుంచి రానుపోను రైలు, పీజీ, తిండి, మెట్రో అన్నీ కలిపి నాలుగు వారాలకు ముప్ఫై అయిదు, నలభై వేలు. లక్షా అరవై ఎక్కడ, ఇదెక్కడ.

ఢిల్లీ పేరు లేకపోతే ఎవరూ పిలవరన్న మాట కూడా ఒకసారి చూద్దాం. కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టి, నాగార్జున యూనివర్సిటీలో లా చదివి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టిన ఎన్.వి. రమణ గారు 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన ఎక్కిన మొదటి మెట్లు ఇక్కడివే. ఢిల్లీలోనే స్థిరపడాలని మీ అమ్మాయికి అప్పటికీ ఉంటే డిగ్రీ చివర్లో దారులున్నాయి. సుప్రీంకోర్టు జడ్జీల దగ్గర లా క్లర్కు ఉద్యోగానికి ఐదో ఏడు చదువుతుండగానే పరీక్ష రాయొచ్చు. డిగ్రీ అయ్యాక, చట్టసభల మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ వాళ్ళ ల్యాంప్ ఫెలోషిప్‌లో ఒక ఎంపీ దగ్గర వానాకాలం సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా పనిచేయొచ్చు. రెండింటికీ వాళ్ళే డబ్బులిస్తారు.

ఏఓఆర్‌ను వెతకడం కష్టం కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల నుంచి వెళ్ళిన కేసుల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్డర్లు వెబ్‌సైట్లో తెరిస్తే, ఏ పక్షాన ఎవరు హాజరయ్యారో పేర్లుంటాయి, పక్కన ఏఓఆర్ అని రాసి ఉంటుంది. అలా పదిహేను పేర్లు రాసుకుని, మూడు నెలల ముందు మెయిల్ పెట్టాలి. ‘గౌరవనీయులైన’తో మొదలై పేజీ నిండా పొగడ్తలుండే మెయిల్ ఎవరూ చదవరు. నాలుగు వాక్యాలు చాలు: నేను ఫలానా కాలేజీలో నాలుగో ఏడు. తెనాలి కోర్టులో, హైకోర్టులో ఒక్కో నెల పనిచేశాను. తెలుగు దస్తావేజులు, వాంగ్మూలాలు ఇంగ్లీషులోకి అనువదించగలను, ఒక నమూనా జతచేశాను. ఫలానా తేదీ నుంచి నాలుగు వారాలు ఖాళీ. నమూనాలో పేర్లూ సర్వే నంబర్లూ కొట్టేసి పంపాలి. పదిహేను మందిలో ఇద్దరు జవాబిచ్చినా చాలు. జవాబు వచ్చాకే టికెట్ కొనండి.