సోషల్ సెర్చ్‌లో పీహెచ్‌డీ మొదలుపెడుతున్న మేనకోడలికి

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. సోషల్ సెర్చ్ మీద, అంటే స్నేహితులను బట్టి ఫలితాలు చూపే వెతుకులాట మీద, రాసే పేపర్‌ని ఏ కాన్ఫరెన్స్‌కి పంపాలి, ఏ టూల్ వాడాలి అని అడిగావు. అవి తర్వాత. ముందు నీ డేటాలోంచి ఓ 200 వరుసలు తీసి, కూర్చుని కళ్లతో చదువు. కోడ్ వద్దు, గ్రాఫులు వద్దు.

ఎందుకంటే ట్యాగింగ్ డేటా (ఫొటోల్లాంటివాటికి జనం తగిలించే గుర్తుమాటలు, అవే ట్యాగులు) మీద పనిచేసే రోజుల్లో, స్నేహితుల ట్యాగులను బట్టి ఫలితాలను వరుసలో పెట్టే మా ర్యాంకింగ్ పద్ధతి అదిరిపోయిందని నేను మూడు నెలలు మురిసిపోయాను. తీరా వరుసలు తెరిచి చూస్తే ఒకే ఖాతా నుంచి నిమిషానికి వందల ట్యాగులు! మనిషి కాదు, ప్రోగ్రాం. దాదాపు అందరి స్నేహితుల జాబితాలోనూ అదే ఉంది. దాన్ని తీసేస్తే మా గొప్ప కూడా దాంతోపాటే పోయింది. పేపర్ గడువు వారంలో ఉంది. ఆ టెన్షన్ నీకు వద్దు.

ఇక అసలు చిక్కు. మామూలు సెర్చ్‌లో ఒక్కో పదానికి ఒక జాబితా చాలు, అందులో ఫలితాలు మార్కుల క్రమంలో ఉంటాయి. 2001లో ఫేగిన్, లోటెమ్, నావోర్ రాసిన థ్రెషోల్డ్ అల్గారిథమ్ ఆ జాబితాలను పైనుంచి చదువుతూ వస్తుంది. ఇంకా చూడనివాటికి ఎంత ఎక్కువ మార్కు వచ్చినా, మనకు కావాల్సిన మొదటి పది ఫలితాలని చేతిలో పెట్టుకున్నవాటిలో చివరిదాన్ని దాటలేదని తేలగానే ఆగిపోతుంది. మొదటిసారి చదివినప్పుడు ఇంతేనా అనిపించింది. ఇంతే, అదే దాని అందం.

సోషల్ సెర్చ్‌లో ఇది చెదిరిపోతుంది. ఒక ఫొటోకి మార్కు అంటే, దానికి ఆ ట్యాగ్ పెట్టిన నా స్నేహితులు ఎందరు అని. నాకు ఏడు, నీకు సున్నా. మరి మనిషికో జాబితా రాసి పెడదామా? లక్ష మంది, వెయ్యి ట్యాగులు అంటే 10 కోట్ల జాబితాలు. పోనీ అందరికీ ఒకటే జాబితా పెట్టి, ఒక్కో ఫొటోకి ఎవరికైనా వచ్చిన అత్యధిక మార్కు రాసుకుందామా? చోటు కలిసొస్తుంది గానీ, నీకు సున్నా వచ్చే ఫొటో కూడా జాబితా పైనే కూర్చుంటుంది. అల్గారిథమ్ ఆగాల్సిన చోట ఆగక చదువుతూనే పోతుంది. ఒకేలాంటి స్నేహితులున్నవాళ్లను గుంపులు చేసి గుంపుకో జాబితా పెట్టడం మధ్యే మార్గం. గుంపులు ఎలా కట్టాలి? స్నేహాలు రోజూ మారుతుంటే జాబితాలను ఎప్పుడు తిరగరాయాలి? నీ థీసిస్ ఇక్కడే ఎక్కడో ఉంది, వెతుక్కో.

వీటిలో ఏది ఎంచుకున్నా వెతికేవాడికి ఆ సంగతి తెలియనివ్వకు. డేటా లోపల ఎలా దాచామన్నది వాడేవాళ్లకు పట్టనక్కర్లేదని, రిలేషనల్ డేటాబేస్‌లకు పునాది వేసిన కాడ్ 1970లోనే రాశాడు. ఆ పేపర్ పాతదని వదిలెయ్యకు.

ఇంకొకటి. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ, పరిశోధకుల కోసమని దాదాపు ఆరున్నర లక్షల మంది వెతుకులాటలను, పేర్ల బదులు అంకెలు వేసి బయటపెట్టింది. విలేకరులు కొద్ది రోజుల్లోనే, కేవలం ఆమె వెతికిన మాటలు పట్టుకుని ఒకావిడ ఇంటికి వెళ్లిపోయారు. నీ డేటాలో వెతుకులాటలతోపాటు స్నేహితుల జాబితా కూడా ఉంది, ఆ జాబితా వేలిముద్రలాంటిది. ఐడీలు మార్చేసి చేతులు దులుపుకోకు. పేపర్లో ఉదాహరణ కావాలంటే నువ్వే కల్పించు, నిజమైన వరుసను అతికించకు.

ఆ 200 వరుసలూ చదివాక ఉత్తరం రాయి. అర్థమైనవి అక్కర్లేదు, వింతగా అనిపించినవి రాయి.

మీ మావయ్య