జైలు నుంచి వచ్చిన తమ్ముడు స్నానానికి కూడా అనుమతి అడుగుతున్నాడు

ప్రశ్న: మా తమ్ముడికి 31 ఏళ్లు. ఆటోనగర్‌లో వెల్డింగ్ పని చేసేవాడు. నాలుగేళ్ల తర్వాత అడవివరం సెంట్రల్ జైలు నుంచి విడుదలై ఇరవై రోజులైంది. లైట్ ఆర్పితే ఉలిక్కిపడి లేస్తాడు. స్నానానికి వెళ్లాలన్నా “అక్కా, వెళ్లనా?” అని అడుగుతాడు. ఆదివారం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే జనాన్ని చూసి చెమటలు పట్టాయి, పది నిమిషాల్లో వచ్చేశాం. బట్టలు, భోజనం, ఫోన్ అన్నీ నేనే చూసుకుంటున్నాను. చుట్టాలొస్తే అమ్మ వాణ్ని వెనక గదిలోకి పంపేస్తోంది. ఇది మానసిక జబ్బా? నిద్రమాత్రలు వేయొచ్చా?
– ఒక సోదరి, గాజువాక

జవాబు: అమ్మా, మీరు రాసినవాటిలో చాలావరకు జబ్బు కాదు, జైలు నేర్పిన అలవాటు. అక్కడ రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది. చుట్టూ మనుషులుంటారు. సాయంత్రం లెక్కపెట్టి తాళం వేస్తారు, పొద్దున్నే మళ్లీ లెక్కపెట్టి తీస్తారు. నాలుగేళ్లు అలా పడుకున్న మనిషికి చీకటి, నిశ్శబ్దం రెండూ భయపెడతాయి. కాబట్టి కొన్నాళ్లు చిన్న లైటు వేసే ఉంచండి. తలుపు తీసి ఉంచాలా, వేసి ఉంచాలా అన్నది అతన్నే అడగండి.

జైలు నుంచి వచ్చాక నా దగ్గర చూపించుకోవడానికి వచ్చిన ఒకాయన పరీక్ష అయిపోయినా గది తలుపు దగ్గరే నిలబడిపోయారు. గడియ వేసి లేదు. ఎవరో వచ్చి తెరుస్తారని చూస్తున్నారు. తలుపు తానే తీయొచ్చన్న సంగతి ఆయన చేతికి ఇంకా గుర్తు రాలేదు. మీ తమ్ముడి “వెళ్లనా?” కూడా అలాంటిదే. అడిగిన ప్రతిసారీ “వెళ్లు” అంటే అక్కడి పద్ధతే ఇంట్లోనూ సాగుతుంది. “నీ ఇష్టంరా” అని మీ పని మీరు చేసుకోండి.

మీరు ప్రేమతోనే అన్నీ చూసుకుంటున్నారు, నాకు తెలుసు. కానీ ఫోన్ ఇవాళే అతని చేతికి ఇచ్చేయండి. రెండొందలిచ్చి రైతుబజారుకు పంపండి, ఏ కూర తేవాలో చెప్పకండి, తిరిగొచ్చాక లెక్క అడగకండి. వంకాయలు పుచ్చువి తెచ్చినా పరవాలేదు. బీచ్ మాత్రం ఇప్పుడే వద్దు. పొద్దున్నే వీధి చివర టీ కొట్టు దాకా నడవడంతో మొదలుపెట్టనివ్వండి.

నిద్రమాత్రలు మెడికల్ షాపులో అడిగి మాత్రం తేవద్దు. అలవాటు పడతాయి. మద్యంతో కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. అతనికి ముందు తాగే అలవాటు, గంజాయి లేదా మరే మత్తు అలవాటైనా ఉంటే ఇంకా జాగ్రత్త. ఇన్నేళ్లు మానేసిన ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి ఉండదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవారిపై 2007లో వచ్చిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో చనిపోయే ముప్పు మామూలు జనం కంటే 12 రెట్లకు పైగా ఉంది. అందులో ముఖ్య కారణం మత్తుమందుల మోతాదు మించడమే. ఆ పరిస్థితులు మనవి కావు గానీ, ఒంటి విషయంలో సూత్రం ఒకటే.

జైలు ఆసుపత్రిలో ఏవైనా మందులు వాడాడేమో కనుక్కోండి. ముఖ్యంగా టీబీ. ఇరుకు గదుల్లో అది త్వరగా అంటుకుంటుంది. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు, మధ్యలో ఆపితే మందులకు లొంగకుండా మొండికేస్తుంది. రెండు వారాలు దాటి దగ్గు ఉన్నా, బరువు తగ్గుతున్నా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించండి. పరీక్షకు, మందులకు డబ్బులు అక్కర్లేదు.

నెల దాటినా నిద్ర కుదరకపోతే, పీడకలలు వస్తుంటే, తిండి మానేస్తే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి గానీ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు గానీ తీసుకెళ్లండి. డాక్టరు దగ్గర కాసేపు అతన్ని ఒంటరిగా మాట్లాడనివ్వండి, అక్క ముందు చెప్పలేనివి ఉంటాయి. “నేను బతికి ఏం లాభం” లాంటి మాట వస్తే మాత్రం నెల దాకా ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

కేసు ఇంకా నడుస్తుంటే వాయిదా తేదీల టెన్షన్ కూడా నిద్రను చెడగొడుతుంది. ఉచిత న్యాయసహాయానికి 15100 ఉంది. బ్యాంకు ఖాతా రెండేళ్లకు పైగా వాడక ఆగిపోయి ఉంటుంది. ఆధార్ పట్టుకుని అతన్నే బ్యాంకుకు వెళ్లి కేవైసీ ఇవ్వమనండి, మీరు తోడుగా బయట కూర్చోండి.

ఇక అమ్మగారి సంగతి. వెనక గదిలోకి పంపడం ఇవాళే మాన్పించండి. ఆమె సిగ్గు, బాధ నాకు అర్థమవుతాయి, కానీ అతనికి అది మళ్లీ తాళం పడ్డట్టే. “ఇన్నాళ్లూ ఎక్కడున్నావురా?” అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అతన్నే ఆలోచించుకోమనండి. ఉన్నది చెప్పినా సరే, “ఆ సంగతులు ఇప్పుడొద్దు బాబాయ్” అన్నా సరే. అతను ఏది అనుకుంటే మీరూ అమ్మగారూ కూడా అదే మాట మీద ఉండండి.